సంక్రాంతి సెలవుల్లో పల్లెలో ఉచిత వైద్య శిబిరం పెట్టాలనుకుంటున్న విద్యార్థులకు

మీ ప్రశ్న నాకు అర్థమైనది ఇలా ఉంది. మీరు ఎంబీబీఎస్ రెండో సంవత్సరం విద్యార్థులు. నర్సింగ్ చదువుతున్న మిత్రులతో కలిపి మొత్తం ఇరవై మంది. మీలో ఒకరి సొంత ఊరు పల్నాడులో ఉంది. సంక్రాంతి సెలవుల్లో అక్కడ ఒక రోజు ఉచిత వైద్య శిబిరం పెట్టి, ఊరందరికీ బీపీ, షుగర్, రక్తహీనత, కంటిచూపు, ఈసీజీ, వీలైతే కిడ్నీ పరీక్షలు కూడా చేసి, అవసరమైన వారికి మందులు పంచాలనుకుంటున్నారు. ఎవరి అనుమతి తీసుకోవాలి, ఏయే పరికరాలు కావాలి, ఎంత ఖర్చవుతుంది అని అడిగారు.

ముందుగా సూటిగా జవాబు చెబుతాను. శిబిరం తప్పకుండా పెట్టండి. అయితే పరీక్షలను మూడుకు తగ్గించండి, ఒక రోజు పనిని రెండు విడతలు చేయండి, మందులు పంచవద్దు. వీటన్నిటికంటే ముందు ఆ ఊరు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పరిధిలోకి వస్తుందో కనుక్కొని, అక్కడి వైద్యాధికారిని కలిసి, మీరు పంపబోయే మనుషులను ఏ రోజున ఎవరు చూస్తారో మాట తీసుకోండి. ఆ మాట దొరకని పక్షంలో శిబిరాన్ని వాయిదా వేసుకోవడమే మంచిది. పరికరాలు, ఖర్చు, అనుమతులు అన్నీ దీని తర్వాతి సంగతులే.

ఇంత ఖచ్చితంగా చెప్పడానికి కారణం నా సొంత అనుభవమే. నేను సామాజిక వైద్య విభాగంలో ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెబుతున్నాను, ఏటా విద్యార్థులను ఊళ్లకు తీసుకువెళుతున్నాను. నేను పీజీ చదువుతున్న రోజుల్లో గుంటూరు వైపు ఒక మిర్చి పండించే ఊళ్లో మేము పెట్టిన మొదటి శిబిరం, ఆనాటి మా లెక్కల ప్రకారం, ఘనవిజయం. బడి ఆవరణలో షామియానా, బ్యానరు, మైకు, సర్పంచి గారి ఉపన్యాసం, సాయంత్రానికి రెండు వందల మందికి పైగా పరీక్షలు, చివర ఒక గ్రూపు ఫొటో. మూడు నెలల తర్వాత వేరే సర్వే పని మీద నేను అదే ఊరు వెళ్లినప్పుడు, ఒక పెద్దావిడ ట్రంకుపెట్టె తెరిచి, రేషన్ కార్డు, బ్యాంకు పాసు పుస్తకం దాచుకున్న ప్లాస్టిక్ కవరులోంచి మా చీటీని బయటికి తీసింది. నాలుగు మడతలు పెట్టిన కాగితం, మడత దగ్గర చిరగకుండా టేపు అంటించి ఉంది. దాని మీద ఇంగ్లీషులో ఆమె బీపీ 180/104 అని, కింద ఆరోగ్య కేంద్రానికి పంపుతున్నామన్న ఒక ముక్క, ఒక పొడి సంతకం ఉన్నాయి. “ఇది చూపిస్తే ఏమొస్తది నాయనా?” అని అడిగింది. ఆ చీటీ పింఛనుకో మరో పథకానికో పనికివచ్చే కాగితమనుకొని ఆమె దానిని అంత భద్రంగా దాచుకుంది. ఆ మూడు నెలలూ ఆమె ఒక్క గోళీ వేసుకోలేదు, వేసుకోవాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన వాళ్లం మేమే.

జబ్బు లక్షణాలు లేని మనిషిని మనమే పిలిచి పరీక్షించడానికీ, బాధతో తనంతట తాను వచ్చిన రోగిని చూడడానికీ చాలా తేడా ఉంది. రెండో సందర్భంలో అతను మన సాయం కోరాడు; మొదటి సందర్భంలో మనమే అతని ఇంటి తలుపు తట్టి, లేని దిగులును పుట్టించాము. అందుకే 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు లక్షణాలు లేనివారిని పరీక్షించడం గురించి రాసిన పది సూత్రాల్లో, బయటపడిన జబ్బుకు అంగీకృతమైన చికిత్స ఉండాలనీ, నిర్ధారణకూ చికిత్సకూ తగిన సదుపాయాలు అందుబాటులో ఉండాలనీ చెప్పారు. మీకు ఇది పరీక్షలో వచ్చే ప్రశ్నే. ఆ ఊళ్లో దానికి అర్థం ఏమిటంటే, శిబిరం ముగిసిన మరుసటి సోమవారం ఆ పెద్దావిడ ఎక్కడికి వెళ్లాలో, ఏ ఆటోలో వెళ్లాలో, అక్కడ ఎవరిని అడగాలో మీకు ముందే తెలిసి ఉండాలి.

ఇక ఏ మూడు పరీక్షలు అన్న విషయం. నా సలహా ముప్పై ఏళ్లు దాటిన వారికి బీపీ, షుగర్. నలభై దాటిన వారికి కంటిచూపు. ముప్పై ఏళ్లు దాటిన వారిని ఇప్పటికే ప్రభుత్వం ఆశా కార్యకర్తల ద్వారా ఇంటింటికీ పలకరించి, ఒక ప్రశ్నావళి నింపించి, బీపీ, షుగర్‌తో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల కోసం పరీక్షించే కార్యక్రమాన్ని నడుపుతోంది. మీరు చేసేది దానికి తోడుగా ఉండాలి తప్ప పోటీగా ఉండకూడదు. క్యాన్సర్ పరీక్షల జోలికి మీరు వెళ్లవద్దు. వాటికి శిక్షణ, చాటు గది, అనుభవం కావాలి.

ఈసీజీ ఎందుకు వద్దంటే, ఏ ఇబ్బందీ లేని మనిషికి తీసిన ఈసీజీలో కనిపించే చిన్నచిన్న తేడాల వల్ల అతనికి మిగిలేది చాలాసార్లు భయమూ, నరసరావుపేటకో గుంటూరుకో ప్రయాణపు ఖర్చూ మాత్రమే. కిడ్నీ పరీక్ష అంతకంటే చిక్కైనది. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడపోయవలసిన వ్యర్థం) ఒకసారి ఎక్కువగా వచ్చినంత మాత్రాన అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనడానికి వీలు లేదు. కనీసం మూడు నెలల పాటు ఆ తేడా నిలిచి ఉందని తేలాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లో కిడ్నీ జబ్బు నిజంగానే పెద్ద సమస్య. నేను ఒకసారి విద్యార్థులతో అటు వెళ్లినప్పుడు ఒక కొబ్బరి రైతు చెయ్యి చాపకుండానే, “ముందు వచ్చినోళ్లు తీసుకెళ్లిన రక్తం రిపోర్టు ఏమైంది?” అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. ఫలితం తిరిగి ఇవ్వలేని రక్తాన్ని తీయకూడదన్న నియమాన్ని నేను ఆ రోజు నుంచే పాటిస్తున్నాను.

రక్తహీనత పరీక్ష వద్దనడం మీకు వింతగా తోచవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. సగానికి పైగా ఉన్నదని ముందే తెలిసిన చోట, వేలు నొక్కి నొక్కి తీసిన పలుచని చుక్కతో మరో అంకె రాయడం కంటే, ఏఎన్ఎం (ఊళ్లో పనిచేసే ప్రభుత్వ నర్సు) ఇచ్చిన ఐరన్ గోళీలు ఇంట్లో ఎన్ని మిగిలాయో, ఎందుకు మిగిలాయో అడగడం ఎక్కువ ఉపయోగం. మలం నల్లగా వస్తోందని భయపడి మానేసినవారు, కడుపులో వికారమని మానేసినవారు, అన్నం తిన్న వెంటనే టీతో పాటు వేసుకునేవారు మీకు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. ఆ సంభాషణకు యంత్రం అక్కరలేదు.

బీపీ చూడడం అందరికీ వచ్చిన పనే అనుకుంటాము. ఒక శిబిరంలో మా విద్యార్థులు ఉదయం తొమ్మిదింటి లోపు చూసిన వారిలో చాలామందికి బీపీ ఎక్కువగా రావడంతో నాకు అనుమానం వచ్చి, పక్కన నిలబడి చూశాను. చలికాలం. పొలం గట్టు మీదుగా గబగబా నడిచి వచ్చిన మనిషిని నేరుగా వీపు ఆనించడానికి వీల్లేని స్టూలు మీద కూర్చోబెట్టి, స్వెట్టరు చేతిని పైకి లాగితే అది జబ్బకు బిగుసుకుపోగా, దాని కింద కఫ్ (బీపీ యంత్రపు గాలి పట్టీ) చుట్టి, చెయ్యి గాలిలో వేలాడుతూ ఉండగా, “పేరేంటి, ఊరేంటి, ఎంతమంది పిల్లలు” అని మాట్లాడిస్తూ చూస్తున్నారు. అక్కడే ఉన్న టీ బండి దగ్గర సగం మంది అప్పుడే టీ తాగి, బీడీ కాల్చి వచ్చారు. ఆ వరుసనంతా పక్కన బెంచీల మీద కూర్చోబెట్టి మళ్లీ చూస్తే దాదాపు సగం మందికి మామూలుగా వచ్చింది. కాబట్టి మీ శిబిరంలో అన్నిటికంటే ముఖ్యమైన పరికరం వీపు ఆనించుకునే కుర్చీ, దానికి తోడు అయిదు నిమిషాల మౌనం. టీ, కాఫీ, పొగ తాగి అరగంట కాకపోతే ఆగమని చెప్పండి. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. లావు జబ్బకు చిన్న కఫ్ చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది కనుక రెండు సైజుల కఫ్‌లు తీసుకెళ్లండి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి.

అప్పటికీ 140/90, అంతకంటే ఎక్కువ వస్తే, “మీకు బీపీ ఉంది” అని అనవద్దు. “ఈరోజు ఎక్కువగా ఉంది, ఇంకో రోజు చూసి నిర్ధారించుకోవాలి” అనండి. రెండు వేర్వేరు రోజుల్లో చూడనిదే రక్తపోటు జబ్బు అని ముద్ర వేయకూడదు. సంక్రాంతి సెలవులు మీకు ఇక్కడే కలిసి వస్తాయి. భోగికి రెండు రోజుల ముందు ఒక విడత, కనుమ, ముక్కనుమ గడిచాక ఎక్కువ వచ్చిన వారికి మాత్రమే రెండో విడత పెట్టుకోండి. పండుగ మూడు రోజుల్లో మాత్రం వద్దు. ఆ రోజుల్లో ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారి సెలవులో ఉండవచ్చు, ఊళ్లో మగవాళ్లు పందేల దగ్గర ఉంటారు, ఇళ్లలో ఆడవాళ్లకు ఊపిరి సలపదు.

షుగర్ విషయంలో కూడా పండుగను లెక్కలోకి తీసుకోవాలి. అరిసె తిన్న వేళ్లను గుడ్డతో తుడుచుకొని వచ్చిన మనిషికి, ఆ బెల్లం జిగురు మీదే గుచ్చితే గ్లూకోమీటరు బెల్లాన్ని కూడా కలిపి చెబుతుంది. ఒక చెంబు నీళ్లు, సబ్బు, పొడి గుడ్డ పెట్టి ముందు చేతులు కడిగించండి. స్పిరిట్ దూది వాడితే అది పూర్తిగా ఆరాకే గుచ్చండి. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి వదిలేయవద్దు. ఎప్పుడు తిన్నా సరే, గ్లూకోమీటరులో డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు, అంతకంటే ఎక్కువ వచ్చినవారిని పరగడుపు పరీక్షకు ఆరోగ్య కేంద్రానికి పంపండి. గ్లూకోమీటరు అంకెతో జబ్బు తేల్చకండి. ఒక్కో మనిషికి ఒక్కో కొత్త లాన్సెట్ (వేలు గుచ్చే చిన్న సూది) వాడాలి. పెన్నులా ఉండే గుచ్చే పరికరాన్ని సూది మార్చి అందరికీ వాడడం కూడా తప్పే. ఒకసారి వాడితే లాక్ అయిపోయే లాన్సెట్లు కొనండి.

కంటిచూపు పరీక్ష మీరు బాగా చేయగలిగినది, జనం బాగా ఇష్టపడేది. ఆరు మీటర్ల తాడు కొలిచి, నేల మీద సున్నంతో గీత గీసి, చదువు రానివారి కోసం నాలుగు దిక్కులకు తిరిగిన ‘ఈ’ గుర్తుల చార్టును నీడలో, వెలుతురు సమంగా పడేచోట తగిలించండి. ఒక కన్ను మూసినప్పుడు అరచేతితో కంటిని నొక్కకుండా చూడండి. సరిగా కనిపించనివారికి అట్టలో గుండుసూదంత రంధ్రం చేసి దానిలోంచి చూపించండి. అప్పుడు చూపు మెరుగైతే బహుశా కళ్లజోడుతో సరిపోతుంది, మెరుగు కాకపోతే శుక్లమో మరొకటో ఉండవచ్చు కనుక కంటి వైద్యుడు చూడాలి. రాష్ట్రంలో కంటి వెలుగు కార్యక్రమం 2019లో మొదలైంది కాబట్టి, కొందరి దగ్గర కళ్లజోళ్లు ఇప్పటికే ఉంటాయి. అవి పెట్టుకుంటున్నారా, గూట్లో ఉన్నాయా అని అడగండి.

మందులు ఎందుకు పంచవద్దు? చట్టం ప్రకారం రిజిస్టరైన వైద్యుడు మాత్రమే మందు రాయాలి. మీరు ఇంకా విద్యార్థులు. మీతో ఒక అధ్యాపకుడు వచ్చి రాసినా నేను వద్దనే అంటాను. ఒక శిబిరంలో బీపీ ఎక్కువగా ఉన్నవారికి నెల రోజులకు సరిపడా ఆమ్లోడిపిన్ గోళీలు ఇచ్చి పంపడం చూశాను. నెల తర్వాత అడిగితే, “కోర్సు అయిపోయింది కదండీ” అన్నారు. జ్వరం గోళీల్లాగే ఇవీ అయిపోతే జబ్బు అయిపోయినట్టే అనుకున్నారు. ఏళ్ల తరబడి వేసుకోవలసిన మందు ఏళ్ల తరబడి దొరికే చోటు నుంచే మొదలవ్వాలి. అది ఆరోగ్య కేంద్రం, లేదా ఊళ్లోనే ఉన్న విలేజ్ క్లినిక్. బలం సూది వేయమని, సీసా ఎక్కించమని కూడా అడుగుతారు. మర్యాదగా వద్దనండి.

మందుల కంటే విలువైనది మీ దగ్గర ఉన్నది తీరిక. ఆరోగ్య కేంద్రంలో వైద్యుడు ఒక రోగికి ఇవ్వలేని పావుగంట మీరు ఇవ్వగలరు. కాబట్టి కొత్త రోగులను కనిపెట్టడం మీదే మొత్తం దృష్టి పెట్టకండి. ఆశా కార్యకర్త దగ్గర ఇప్పటికే బీపీ, షుగర్ ఉన్నవారి జాబితా ఉంటుంది. అందులో మందు మానేసినవారి ఇళ్లకు ఇద్దరిద్దరుగా వెళ్లి ఎందుకు మానేశారో అడగండి. నా అనుభవంలో ఒక శిబిరం వల్ల కలిగే మేలులో ఎక్కువ భాగం ఈ ఇళ్ల నుంచే వస్తుంది. “ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలంట” అన్నది మీరు ఎక్కువసార్లు వినే మాట. కొన్నిసార్లు ఆ మాట ఊళ్లోని ఆర్‌ఎంపీ నుంచి వచ్చి ఉంటుంది. ఆయనను శత్రువుగా చూడకండి, ముందురోజే వెళ్లి పలకరించండి. మీరు వెళ్లిపోయాక కూడా ఊరు ఆయన మాటే వింటుంది.

అనుమతుల సంగతి క్లుప్తంగా చెబుతాను. మీ ప్రిన్సిపాల్ నుంచి లేఖ, బాధ్యత వహించే ఒక అధ్యాపక వైద్యుడు స్వయంగా రావడం, ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి అంగీకారం, జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయానికి సమాచారం, గ్రామ పంచాయతీకి ఒక లేఖ ఉండాలి. విద్యార్థులు ఊళ్లో కొన్ని కుటుంబాల ఆరోగ్యాన్ని కనిపెట్టుకొని ఉండే కుటుంబ దత్తత కార్యక్రమం ఇప్పుడు మీ పాఠ్యప్రణాళికలోనే ఉంది కనుక, మీ సామాజిక వైద్య విభాగాన్ని అడిగితే సగం దారి వారే చూపిస్తారు.

రెండు జాగ్రత్తలు మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. మొదటిది గోప్యత. ఒక శిబిరంలో ఉత్సాహవంతుడైన ఒక కార్యకర్త మైకులో, “షుగర్ ఎక్కువ వచ్చినవారు ఇటు రావాలి” అంటూ పేర్లు చదివాడు. ఆ పేర్లలో ఒక యువతి ఉంది, ఆమెకు సంబంధాలు చూస్తున్నారు. తల్లి ఆమె చెయ్యి పట్టుకొని వరుసలోంచి లాక్కుపోయింది. వారిద్దరూ ఆ తర్వాత ఏ పరీక్షకూ రాలేదు. ఫలితాన్ని ఒక్కరికే, విడిగా, నెమ్మదిగా చెప్పండి. పరీక్షకు ముందు అంగీకారం అడగండి. రోగుల ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టకండి. ఆధార్ నంబరు రాసుకోవలసిన అవసరమే లేదు.

రెండోది సూదులు. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన లాన్సెట్లు గుచ్చుకుపోని తెల్లని డబ్బాలోకే వెళ్లాలి, ఆ డబ్బాను ఆరోగ్య కేంద్రానికి అప్పగిస్తామని ముందే మాట్లాడుకోవాలి. రక్తం ముట్టే ప్రతి విద్యార్థీ హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులూ పూర్తిచేసి ఉండాలి. వాడిన సూది ఎవరికైనా గుచ్చుకుంటే పిండకుండా సబ్బు నీటితో కడిగి, దాచిపెట్టకుండా వెంటనే అధ్యాపకుడికి చెప్పి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. హెచ్‌ఐవీ నివారణ మందు మొదలుపెట్టవలసి వస్తే రెండు గంటల్లోపు ఉత్తమం, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు.

అదే రోజు ఆసుపత్రికి పంపవలసినవారు కూడా ఒకరిద్దరు తగలవచ్చు. బీపీ 180/120కి చేరి దానితో పాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడడం, చెయ్యి కాలు పడిపోవడం ఉంటే 108కి ఫోన్ చేయడమే పని. లక్షణాలు లేకుండా అంత ఎక్కువ ఉంటే మీ వైద్యుడు చూసి ఆ రోజో మరునాడో ఆరోగ్య కేంద్రానికి పంపుతారు. షుగర్ 70 కంటే తక్కువై చెమటలు పడుతున్న మనిషి తెలివిలో ఉంటే పంచదార నీళ్లు తాగించండి.

ఖర్చు మీరు భయపడుతున్నంత ఉండదు. గ్లూకోమీటరు స్ట్రిప్పు బ్రాండును బట్టి ఒక్కోటి సుమారు 15 నుంచి 20 రూపాయలు పడుతుంది. నూట యాభై మందికి మూడు వేల రూపాయల లోపు. లాన్సెట్లు, దూది, గ్లవ్స్ కలుపుకుంటే ఇంకొంత. బీపీ యంత్రాలు మీ కళాశాల నుంచి తెచ్చుకోవచ్చు. షామియానా, బ్యానరు, శాలువాలకు దాతలు డబ్బిస్తామంటే, ఆ డబ్బును ఆరోగ్య కేంద్రానికి వెళ్లి రావడానికి ఆటో ఖర్చులకు మళ్లించమని అడగండి. నేను రెండుసార్లు అలా అడిగాను, ఒకరు ఒప్పుకున్నారు.

చివరగా చీటీ గురించి. పెద్ద తెలుగు అక్షరాలతో, ఒక్కో మనిషికి చేత్తో రాసి, చదివి వినిపించి ఇవ్వండి. ఈ మాదిరిగా ఉంటే చాలు: “మీ బీపీ ఈరోజు 164/98. ఇది ఎక్కువ. 18వ తేదీ ఉదయం బడి దగ్గర మళ్లీ చూస్తాము. అప్పుడూ ఎక్కువగా ఉంటే సోమవారం ఆరోగ్య కేంద్రంలో డాక్టరు గారు చూస్తారు, ఆశా కార్యకర్త మీతో వస్తారు. ఇది పథకం కాగితం కాదు. డాక్టరుకు చూపించే కాగితం.” పండుగకు హైదరాబాదు నుంచి వచ్చి నాలుగు రోజుల్లో తిరిగి వెళ్లిపోయే తాపీ మేస్త్రీలు, డ్రైవర్ల చీటీల్లో మాత్రం, అక్కడ వారుండే చోటికి దగ్గరలోని బస్తీ దవాఖానా పేరు కనుక్కొని రాయండి. ఆ చీటీల నకలు ఒకటి ఏఎన్ఎం దగ్గర, ఒకటి మీ దగ్గర ఉంచుకొని, పదిహేను రోజుల తర్వాత ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. ఇరవై మంది ఉన్నారు కాబట్టి తలా ఏడెనిమిది ఫోన్లకు మించవు.